కల్చర్ చిక్కబడినా వెలుగు ఎందుకు రాలేదు? బ్యాక్టీరియా తన లక్స్ జన్యువులను నడిపే తీరు

మీరు అడిగినవి మూడు. ఒకటి, వైబ్రియో ఫిషెరి అనే వెలిగే సముద్రపు బ్యాక్టీరియా సంఖ్య పెరిగాకే వెలుగుతుందంటారు, ఒక్క కణానికి చుట్టూ ఎన్ని ఉన్నాయో ఎలా తెలుస్తుంది? రెండు, దానిలో ఈఎస్114 అనే స్ట్రెయిన్‌ను (ఉపరకాన్ని) గ్లూకోజ్ వేసిన మీడియంలో రాత్రంతా పెంచితే కల్చర్ బాగా చిక్కబడింది కానీ చీకటి గదిలో ఏమీ కనబడలేదు, పొరపాటు ఎక్కడ? మూడు, దాని బంధువైన వైబ్రియో హార్వీలో కూడా ఇదే పద్ధతా?

ముందే ఒక మాట చెప్తాను, టెన్షన్ తగ్గుతుంది. మీ కల్చర్ చెడిపోలేదు. ఈఎస్114 ఫ్లాస్కులో మామూలుగానే చాలా మందంగా వెలుగుతుంది. దానికి తోడు మీరు గ్లూకోజ్ వేశారు, ఫ్లాస్కు కదపలేదు అంటున్నారు. ఈ మూడూ కలిస్తే వెలుగు కనబడకపోవడమే సహజం. "సంఖ్య పెరిగితే స్విచ్ పడుతుంది" అని పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేయడం వల్ల ఈ గందరగోళం వస్తోంది. కణం నిజానికి సంఖ్యను చూడదు. ఒక అణువు గాఢతను చూస్తుంది. అది చూశాక కూడా తిండి, ఆక్సిజన్, ఇనుము పరిస్థితి ఏమిటో విడివిడిగా చూసుకుని గానీ వెలుగునిచ్చే లక్స్ జన్యువులను పూర్తిగా తెరవదు.

అంత జాగ్రత్త ఎందుకంటే వెలుగు చాలా ఖరీదైన పని. కాంతిని పుట్టించే లూసిఫెరేజ్ ఎంజైము రెండు ముక్కలు కలిసి ఏర్పడుతుంది, వాటిని తయారు చేసే జన్యువులు లక్స్‌ఏ, లక్స్‌బి. ఈ ఎంజైము క్షయకరణం చెందిన (ఎలక్ట్రాన్లు అందుకున్న) ఫ్లేవిన్ అనే అణువునీ, పొడవాటి గొలుసున్న ఆల్డిహైడ్‌నీ ఆక్సిజన్‌తో కలిపి ఆక్సీకరిస్తుంది. ఆ చర్యలో విడుదలైన శక్తి సుమారు 490 నానోమీటర్ల నీలి ఆకుపచ్చ కాంతిగా బయటికి వస్తుంది. ఖర్చయిన ఆల్డిహైడ్ స్థానంలో కొత్తది కొవ్వు ఆమ్లం నుంచి తయారు కావాలి. ఆ పని లక్స్‌సి, లక్స్‌డి, లక్స్‌ఈ ప్రొటీన్లది, దానికి కణం శక్తి కోసం వాడే ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్ అణువులు కావాలి. లక్స్‌జి ఫ్లేవిన్‌ను మళ్ళీ క్షయకరిస్తుంది. ఎదగడానికి పనికొచ్చే శక్తినీ ఆక్సిజన్‌నీ ఇలా కాంతి కింద ఖర్చు పెట్టాలంటే అందులో కణానికి ఏదో లాభం ఉండాలి. సముద్రపు నీళ్ళలో ఒంటరిగా తేలే ఒక కణం వెలిగినా ఆ వెలుగు ఎవరికీ కనబడదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. 1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ ప్రచురించిన ప్రయోగాన్ని నేను ఎవరికైనా ముందు చెప్పేది. తాజా మీడియంలో కొద్దిగా కల్చర్ వేస్తే కణాలు వెంటనే పెరగడం మొదలుపెడతాయి, లూసిఫెరేజ్ తయారీ మాత్రం మొదలుకాదు. చాలాసేపు అలాగే ఉండి, పెరుగుదల మధ్యలో ఒక్కసారిగా లూసిఫెరేజ్ కణాల సంఖ్య కన్నా ఎన్నో రెట్లు వేగంగా పెరుగుతుంది. ఆర్ఎన్ఏ తయారీని, ప్రొటీన్ తయారీని ఆపే మందులు వాడి వాళ్ళు తేల్చింది ఏమిటంటే, అంతవరకూ ఎంజైము ఉండి పనిచేయకపోవడం కాదు, అసలు ఆ జన్యువు నుంచి ఆర్ఎన్ఏ రావడమే లేదు. అంతకు రెండేళ్ళ ముందు, తాజా మీడియంలో ఏదో నిరోధకం ఉందని, కణాలు దాన్ని తినేశాకే వెలుగు వస్తుందని వేరే వాళ్ళు వివరించారు. నీల్సన్ బృందం దాన్ని తిరగేసింది. కణాలు మీడియంలోకి ఏదో వదులుతున్నాయి, అది పేరుకున్నాకే జన్యువు తెరుచుకుంటోంది అన్నారు. అప్పటికే కల్చర్ పెరిగిన మీడియంలో కణాలు తీసేసి, ఆ ద్రవంలో కొత్త కణాలు వేస్తే అవి ఆలస్యం లేకుండా వెలుగు మొదలుపెడతాయి. సంఖ్య తక్కువే ఉన్నా సరే.

ఆ "ఏదో" ఏమిటో 1981లో తెలిసింది. ఎబర్‌హార్డ్ బృందం దాన్ని వేరుచేసి నిర్మాణం చెప్పింది. అది ఎన్-3-ఆక్సోహెక్సనోయిల్ హోమోసెరీన్ లాక్టోన్, అంటే ఒక చిన్న లాక్టోన్ వలయానికి ఆరు కార్బన్ల కొవ్వు తోక తగిలించిన అణువు. 1983లో ఎంగెబ్రెక్ట్, నీల్సన్, సిల్వర్‌మన్ వైబ్రియో ఫిషెరి డీఎన్ఏలో సుమారు 9 కిలోబేస్‌ల (తొమ్మిది వేల అక్షరాల) ముక్కను ఈ.కోలై అనే మామూలుగా వెలగని బ్యాక్టీరియాలో పెట్టారు. ఈ.కోలై వెలిగింది. అంతకన్నా గొప్ప సంగతి, అది కూడా చిక్కబడ్డాకే వెలిగింది. కాంతినిచ్చే ఎంజైములు, వాటిని ఎప్పుడు తయారు చేయాలో చెప్పే స్విచ్, రెండూ ఆ ఒక్క ముక్కలోనే ఉన్నాయన్నమాట. బ్యాక్టీరియా జన్యుశాస్త్రంలో ఇంత శుభ్రమైన ఫలితం అరుదుగా దొరుకుతుంది. ఈ తరహా నియంత్రణకు క్వోరం సెన్సింగ్ అన్న పేరు 1994లో వచ్చింది.

స్విచ్ పనితీరు ఇదీ. లక్స్ జన్యువులు ఒక వరుసలో ఉండి కలిసి చదవబడతాయి, ఆ వరుసనే ఆపరాన్ అంటారు. ఆపరాన్‌లో జన్యువులు లక్స్‌ఐ, సి, డి, ఏ, బి, ఈ, జి అన్న వరుసలో ఉంటాయి. మొదటిదైన లక్స్‌ఐ ఆ సంకేత అణువును తయారు చేసే ఎంజైము. లక్స్‌ఆర్ జన్యువు పక్కనే ఉండి ఎదురు దిశలో చదవబడుతుంది. లక్స్‌ఆర్ ప్రొటీన్‌లో ఒక చివర సంకేత అణువును పట్టుకుంటుంది, రెండో చివర డీఎన్ఏను పట్టుకుంటుంది. సంకేతం దొరకని లక్స్‌ఆర్ సరిగా మడత పడదు, ఎక్కువసేపు నిలవదు. సంకేతం పట్టుకున్నాక లక్స్‌ఐ ప్రమోటర్ (చదవడం మొదలయ్యే చోటు) ముందున్న 20 బేస్‌ల లక్స్ బాక్స్ మీద కూర్చుని జన్యువును చదివి ఆర్ఎన్ఏ తయారు చేసే ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌ను అక్కడికి రప్పిస్తుంది.

లక్స్‌ఐ ఆ ఆపరాన్‌లోనే ఉండటం ఇక్కడ అసలు కీలకం. ఆపరాన్ తెరుచుకుంటే కాంతి ఎంజైములతో పాటు సంకేతం తయారు చేసే ఎంజైము కూడా పెరుగుతుంది. దాంతో సంకేతం ఇంకా పెరుగుతుంది, ఆపరాన్ ఇంకా తెరుచుకుంటుంది. ఈ సానుకూల చక్రం వల్లే వెలుగు మెల్లగా కాకుండా ఒక్క ఊపున పైకి లేస్తుంది. ఇంకో పరిణామం కూడా ఉంది: ఎక్కిన దారిలోనే దిగదు. ఒకసారి పూర్తిగా తెరుచుకున్న కణాలను కొంత పల్చన చేసినా వెంటనే ఆరిపోవు. వెలగడానికి కావాల్సిన గాఢత కన్నా తక్కువ గాఢతలో కూడా వెలుగుతూ ఉండగలవు. మీరు ఎప్పుడైనా వెలిగే కల్చర్‌ను పల్చన చేసి చూస్తే ఇది గుర్తుపెట్టుకోండి. లేకపోతే "సంకేతం లేకుండానే వెలుగుతోంది" అని తప్పుడు నిర్ణయానికి వస్తారు. ముందు రోజు కల్చర్ నుంచి వచ్చిన లూసిఫెరేజ్ కూడా కొన్ని తరాల దాకా పంచుకుంటూ పోతుంది.

మరి కణం సంఖ్యను చూడదని ఎందుకన్నాను? ఈ అణువు పొర గుండా లోపలికీ బయటికీ స్వేచ్ఛగా పోతుంది. రేడియోధార్మిక సంకేతంతో 1985లో కాప్లన్, గ్రీన్‌బర్గ్ దీన్ని చూపించారు. కాబట్టి కణం లోపలి గాఢత బయటి గాఢతను అనుసరిస్తుంది. బయట అది ఎంత ఉంటుందన్నది కణాల సంఖ్య మీదే కాకుండా, ఒక్కో కణం ఎంత తయారు చేస్తోంది, చుట్టూ ఉన్న ద్రవం ఎంత, అది కదిలిపోతోందా నిలిచి ఉందా, అణువు ఎంత త్వరగా విరిగిపోతోంది అన్నవాటి మీద కూడా ఆధారపడుతుంది. సూడోమోనాస్ ఎరుజినోసా అనే మరో బ్యాక్టీరియాలో ఇదే కుటుంబానికి చెందిన వ్యవస్థ ఉంది. 2009లో ఆ కణాలను ఒకటి నుంచి మూడు చొప్పున అతి చిన్న బిందువుల్లో బంధించి చూస్తే, అంత తక్కువ సంఖ్యలోనే క్వోరం స్పందన మొదలైంది. పక్కన గుంపు లేదు, ఉన్నది ఇరుకు చోటు మాత్రమే. అందుకే కొందరు శాస్త్రవేత్తలు దీన్ని గుంపును పసిగట్టడం అనరు, వదిలిన అణువు ఎంతమేరకు చెదిరిపోతోందో పసిగట్టడం అంటారు. నా దృష్టిలో ఈ రెండూ పోట్లాడుకోవాల్సిన ఆలోచనలు కావు. కణానికి అందే సమాచారం ఒకటే, గాఢత. దాని వెనక ఉన్న కారణం ఒక్కో చోట ఒక్కోటి.

ఇక మీ ఫ్లాస్కు సంగతి. ఈఎస్114 హవాయి తీరంలో ఉండే యూప్రిమ్నా స్కోలోపెస్ అనే చిన్న స్క్విడ్ కాంతి అవయవం నుంచి తీసిన స్ట్రెయిన్. ఆ స్క్విడ్ రాత్రిపూట కింది వైపుకు కాంతి వదిలి, పైనుంచి వచ్చే వెన్నెలలో తన నీడ కనబడకుండా చేసుకుంటుందని భావిస్తారు. అవయవంలోని సన్నని గదుల్లో బ్యాక్టీరియా కిక్కిరిసి ఉంటుంది, సంకేతం చెదిరిపోవడానికి చోటు ఉండదు. ప్రతి ఉదయం స్క్విడ్ సుమారు 95 శాతం బ్యాక్టీరియాను బయటికి నెట్టేస్తుంది, మిగిలినవి సాయంత్రానికి మళ్ళీ నిండుతాయి. ఆ అవయవంలో ఒక్కో ఈఎస్114 కణం ఇచ్చే కాంతి, ఫ్లాస్కులో ఇచ్చేదానికి సుమారు వెయ్యి రెట్లు. అదే ఫ్లాస్కులో ఆరు కార్బన్ల సంకేతాన్ని మీరు బయటి నుంచి కలిపితే వెలుగు బాగా పెరుగుతుంది. దీన్నిబట్టి యంత్రాంగం అంతా సరిగానే ఉంది, చక్రం తిరగడానికి కావాల్సినంత సంకేతం అక్కడ పోగవలేదని అర్థమవుతుంది. పైన్‌కోన్ చేప నుంచి తీసిన ఎంజే1 స్ట్రెయిన్ ఫ్లాస్కులోనే కంటికి కనబడేలా వెలుగుతుంది. పాఠ్యపుస్తకాల్లోని ఫొటోలు చూసి ఈఎస్114 అలా వెలుగుతుందనుకుంటే నిరాశే మిగులుతుంది. తరగతిలో చూపించడానికే అయితే ఎంజే1 తీసుకోండి. నియంత్రణ అధ్యయనం చేయాలంటే మాత్రం ఈఎస్114 మంచిది, ఎందుకంటే దానిలో బ్రేకులు అన్నీ పనిచేస్తుంటాయి.

ఆ బ్రేకుల్లో మీరు వేసిన గ్లూకోజ్ ఒకటి. లక్స్‌ఆర్ జన్యువు బాగా చదవబడాలంటే సైక్లిక్ ఏఎంపీని (కణంలో తిండి పరిస్థితిని తెలిపే చిన్న అణువును) పట్టుకున్న సీఆర్‌పీ ప్రొటీన్ సాయం కావాలి. గ్లూకోజ్ సమృద్ధిగా ఉంటే సైక్లిక్ ఏఎంపీ తగ్గుతుంది, లక్స్‌ఆర్ తగ్గుతుంది, సంకేతం ఉన్నా దాన్ని పట్టుకునేవాళ్ళు తక్కువవుతారు. పైగా గ్లూకోజ్ నుంచి వచ్చే ఆమ్లాలతో మీడియం పీహెచ్ పడిపోయి కణాలే ఇబ్బంది పడతాయి. ఇందుకే వెలుగు ప్రయోగాల మీడియంలో ఎక్కువగా గ్లిసరాల్ వాడతారు. పీహెచ్ మరీ పైకి పోయినా నష్టమే, క్షార ద్రవంలో లాక్టోన్ వలయం తెరుచుకుని సంకేతం పనికిరాకుండా పోతుంది. వాడేసిన మీడియం దాచుకుని తర్వాత ప్రయోగించేవాళ్ళు ఈ చిన్న విషయం పట్టించుకోక ఫలితం రాక తల పట్టుకుంటారు.

ఆక్సిజన్ కథ ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే అది రెండు చోట్ల దెబ్బకొడుతుంది. లూసిఫెరేజ్‌కు ఆక్సిజన్ నేరుగా కావాలి. చిక్కటి కల్చర్‌ను కదపకుండా ఉంచితే కణాలు ఉన్న ఆక్సిజన్‌ను నిమిషాల్లో తాగేస్తాయి, ఎంజైము నిండా ఉన్నా వెలుగు ఆరిపోతుంది. ఇది జన్యు నియంత్రణ కాదు, కేవలం ముడిసరుకు లేకపోవడం. రెండో దెబ్బ జన్యువుల దగ్గరే పడుతుంది. ఆర్క్‌బి అనే పొర ప్రొటీన్ కణం క్షయకరణ స్థితిలోకి జారుతోందని గమనించి ఆర్క్‌ఏకు ఫాస్ఫేట్ అందిస్తుంది. ఫాస్ఫేట్ అందుకున్న ఆర్క్‌ఏ లక్స్ ఆపరాన్ ముందు కూర్చుని దాన్ని అణచివేస్తుంది. 2007లో ఈఎస్114లో ఆర్క్‌ఏ జన్యువును తీసేసి చూస్తే ఫ్లాస్కులోనే వెలుగు వందల రెట్లు పెరిగింది. అంటే అంతకాలం "మందమైన స్ట్రెయిన్" అనుకున్నది నిజానికి గట్టిగా బ్రేకు వేసుకున్న స్ట్రెయిన్. స్క్విడ్ లోపలి ఆక్సీకరణ వాతావరణం ఆ బ్రేకును వదులు చేస్తుందన్న వివరణ నాకు నమ్మదగినదిగా అనిపిస్తుంది. పరిస్థితి అనుకూలమైన చోటే చక్రం తిరగాలన్నది దీని ఉద్దేశం కావచ్చు.

ఇంకో పొర కూడా ఉంది. వైబ్రియో ఫిషెరి రెండో సంకేతాన్ని కూడా తయారు చేస్తుంది. ఐన్‌ఎస్ అనే ఎంజైము ఎనిమిది కార్బన్ల తోక ఉన్న లాక్టోన్‌ను ఇస్తుంది. ఇది తక్కువ సాంద్రతలోనే పని మొదలుపెట్టి, లక్స్‌ఓ అనే ప్రొటీన్ గుండా, క్యూఆర్‌ఆర్1 అనే చిన్న ఆర్ఎన్ఏను తగ్గించి, లిట్‌ఆర్ అనే నియంత్రకాన్ని పెంచుతుంది. లిట్‌ఆర్ వెళ్ళి లక్స్‌ఆర్‌ను పెంచుతుంది. అంటే ఎనిమిది కార్బన్ల సంకేతం రంగం సిద్ధం చేస్తే, ఆరు కార్బన్ల సంకేతం అసలు చక్రాన్ని తిప్పుతుంది. అయితే ఎనిమిది కార్బన్ల అణువు లక్స్‌ఆర్‌ను నేరుగా కూడా పట్టుకోగలదు, కానీ బలహీనంగానే చేతనం చేస్తుంది. అందుకని కొన్ని పరిస్థితుల్లో అసలు సంకేతానికి అడ్డుపడుతుంది కూడా. ఇనుము తక్కువైతే వెలుగు తొందరగా మొదలవుతుందని కూడా 1985లోనే చూపించారు.

మీ కల్చర్‌లో ఏ బ్రేకు పడిందో తేల్చుకోవడం కష్టం కాదు. ముందు చీకట్లో కనీసం పావుగంట కళ్ళకు అలవాటు కానివ్వండి. వీలైతే కంటిని నమ్మకుండా కాంతిని కొలిచే లూమినోమీటర్ వాడండి, ఈఎస్114 విషయంలో అది దాదాపు తప్పనిసరి. ఫ్లాస్కును గట్టిగా ఊపి చూడండి. కొన్ని సెకన్లలో వెలుగు పైకి లేస్తే లోటు ఆక్సిజన్‌దే, జన్యువులు ఎప్పుడో తెరుచుకున్నాయి. లేవకపోతే కొద్దిగా డెకనల్ అనే ఆల్డిహైడ్ కలపండి. అప్పుడు వెలిగితే లూసిఫెరేజ్ ఉంది, కొరత ఆల్డిహైడ్‌ది. అప్పటికీ లేకపోతే ఎంజైమే తయారు కాలేదు. అప్పుడు ఒక ఫ్లాస్కులో కృత్రిమంగా తయారైన ఆరు కార్బన్ల సంకేతం, ఇంకో ఫ్లాస్కులో గ్లూకోజ్ బదులు గ్లిసరాల్, మూడో ఫ్లాస్కులో రెండూ పెట్టి, పక్కన ఏమీ మార్చని ఫ్లాస్కు ఒకటి ఉంచండి. సంకేతం కలిపిన వెంటనే వెలుగు ఆశించకండి, ఆర్ఎన్ఏ రావాలి, ప్రొటీన్ రావాలి, గంటో రెండు గంటలో పడుతుంది. ఉష్ణోగ్రత 28 డిగ్రీలు దాటనివ్వకండి. ఫ్లాస్కులో అయిదో వంతు కన్నా ఎక్కువ ద్రవం నింపకండి. ప్రతి కొలతనూ కల్చర్ ఓడీతో (చిక్కదనం కొలతతో) భాగించి రాయండి. లేకపోతే కణాలు పెరిగినందుకు వచ్చిన వెలుగేదో, జన్యువు తెరుచుకున్నందుకు వచ్చిన వెలుగేదో విడదీయలేరు. ఈ చివరి మాట చాలామంది వదిలేస్తారు, దయచేసి మీరు వదలొద్దు.

మూడో ప్రశ్నకు సమాధానం, కాదు. వైబ్రియో హార్వీలో లక్ష్యం ఒకటే, దారి పూర్తిగా వేరు. అక్కడ మూడు సంకేతాలు ఉంటాయి. వాటిని లక్స్‌ఎం, లక్స్‌ఎస్, సీక్యూఎస్‌ఏ అనే ఎంజైములు తయారు చేస్తాయి. సంకేతాలను గుర్తించే గ్రాహకాలు పొర మీదే ఉంటాయి. సంకేతం లేనప్పుడు ఆ గ్రాహకాలు లక్స్‌యూ ద్వారా లక్స్‌ఓకు ఫాస్ఫేట్ పంపుతూ ఉంటాయి. ఫాస్ఫేట్ ఉన్న లక్స్‌ఓ అయిదు చిన్న ఆర్ఎన్ఏలను తయారు చేయిస్తుంది. అవి హెచ్‌ఎఫ్‌క్యూ అనే ప్రొటీన్ తోడుతో హార్వీ లక్స్‌ఆర్ ఎంఆర్ఎన్ఏను నాశనం చేస్తాయి, 2004లో ఈ సంగతి బయటపడింది. సంకేతాలు పేరుకోగానే అవే గ్రాహకాలు పని మార్చుకుని ఫాస్ఫేట్‌ను వెనక్కి లాగడం మొదలుపెడతాయి. చిన్న ఆర్ఎన్ఏలు తగ్గుతాయి, లక్స్‌ఆర్ పెరుగుతుంది, వెలుగు వస్తుంది. ఫిషెరిలో సంకేతం వచ్చి జన్యువును తెరుస్తుంది, హార్వీలో సంకేతం వచ్చి అణచివేతను ఆపుతుంది. ఫిషెరిలో చెప్పిన ఐన్‌ఎస్ దారి ఈ హార్వీ దారికి దగ్గరి బంధువే. లక్స్‌ఎస్ ఇచ్చే సంకేతం ప్రత్యేకమైనది. హార్వీ గ్రాహకంలో అది బోరాన్ పరమాణువుతో కూడి ఉంటుందని 2002లో స్ఫటిక నిర్మాణం చూపించింది. లక్స్‌ఎస్ ఎన్నో రకాల బ్యాక్టీరియాలో ఉంటుంది. కాబట్టి ఈ దారిలో హార్వీ తన జాతినే కాక ఇరుగుపొరుగు జాతుల ఉనికిని కూడా గమనించగలదు.

పరిశోధన పత్రాలు చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోండి. ఫిషెరి లక్స్‌ఆర్, హార్వీ లక్స్‌ఆర్ పేరుకే ఒకటి, అవి వేర్వేరు ప్రొటీన్ కుటుంబాలవి. హార్వీది సంకేత అణువును పట్టుకోదు, కాబట్టి ఒకదాని గురించి చదివినది రెండోదానికి అంటగట్టకండి. అలాగే హార్వీ మీద జరిగిన ప్రధాన ప్రయోగాల్లో వాడిన బీబీ120 స్ట్రెయిన్‌ను జీనోమ్ పోలిక తర్వాత వైబ్రియో క్యాంప్‌బెల్లీ కింద చేర్చారు, ఫిషెరినేమో ఆలీవిబ్రియో ప్రజాతిలోకి మార్చారు. వెతికేటప్పుడు పాత పేర్లు, కొత్త పేర్లు రెండూ పెట్టి వెతకండి, లేకపోతే సగం పత్రాలు కనబడవు.